జనరల్ సలివన్ పంట లెక్క

న్యూయార్క్ రాష్ట్రపు దక్షిణపు అంచున, పెన్సిల్వేనియా సరిహద్దుకు చేరువలో ఎల్మైరా అనే పట్నం ఉంది. దానిని ఆనుకొని మరో చిన్న ఊరు. పేరు హార్స్‌హెడ్స్. అంటే గుర్రపు తలలు. ఆ పేరు మొదటిసారి పటంలో చూసినప్పుడు, ఏ కొండరాయికో గుర్రపు మొగం పోలిక ఉండి ఉంటుందనీ, పాతకాలపువాళ్ళు సరదాపడి ఆ పేరు పెట్టుకుని ఉంటారనీ అనుకున్నాను. నా ఊహ తప్పు. 1779 సెప్టెంబరులో అక్కడ నిజంగానే గుర్రాలను చంపారు. ఒక సైన్యానికి నెలరోజులు సామాను మోసి, ఇక అడుగు వెయ్యలేని స్థితికి వచ్చిన గుర్రాలవి. కొన్నేళ్ళకు అక్కడికి ఇళ్ళు కట్టుకోవడానికి వచ్చినవాళ్ళకు ఎండకు తెల్లబడిన పుర్రెలు కనిపించాయి. ఊరికి ఆ పేరే స్థిరపడింది.

ఆ సైన్యం ఎవరిది, ఎక్కడికి పోయి ఏం చేసి తిరిగివస్తోంది అన్న కుతూహలమే నన్ను జాన్ సలివన్ దగ్గరకు చేర్చింది. అమెరికా స్వాతంత్ర్య సమరం అనగానే మనకు గుర్తుకొచ్చే పేర్ల వరసలో ఇతడు ఉండడు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జెఫర్సన్‌ల వెనక రెండో వరసలో, అదీ కొంచెం పక్కగా నిలబడ్డ మనిషి. వృత్తిరీత్యా వకీలు. యుద్ధంలో మేజర్ జనరల్. ఆ తరవాత న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి మూడుసార్లు అధినేత. న్యూయార్క్, న్యూ హాంప్‌షైర్, టెనెసీలలో అతని పేర ఒక్కో కౌంటీ ఉంది. ఇంత మనిషి జీవితంలో చెప్పుకోదగ్గ విజయమేదని వెదికితే, చివరికి ఒక పంట లెక్క దగ్గర ఆగవలసి వచ్చింది నాకు.

1740లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు, తండ్రి బడిపంతులు. పోర్ట్స్‌మత్‌లో శామ్యూల్ లివర్మోర్ అనే పేరుమోసిన న్యాయవాది దగ్గర పని నేర్చుకుని, 1760ల నడుమ డర్హమ్ అనే ఊళ్ళో స్వంతంగా ప్రాక్టీసు పెట్టాడు. డబ్బు త్వరగానే సంపాదించాడు. ఎలా సంపాదించాడన్నది ఊరివాళ్ళకు బాగా తెలుసు. ఆ రోజుల్లో అక్కడి రైతుల చేతిలో రొక్కం ఆడేది కాదు. అప్పులన్నీ నోట్ల మీదా, నోటిమాట మీదా నడిచేవి. సలివన్ ఆ అప్పుల మీద దావాలు వేసి, డిక్రీలు తెచ్చి, పొలాలు జప్తు చేయించేవాడని ఆరోపణ. 1766లో చుట్టుపక్కల జనం కూడబలుక్కుని, ఇతని ఆగడాలనుంచి తమను కాపాడమని ప్రాంతీయ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. (వకీలు మీద ఊరంతా కలిసి అర్జీ పెట్టుకోవడం మన తాలూకా కచేరీల చరిత్రలోనూ ఉండే ఉంటుంది, ఆ అర్జీ రాసిపెట్టడానికి మళ్ళీ ఒక వకీలునే వెదుక్కోవాలన్నదే చిక్కు.) ఆ గొడవ ఎలాగో చల్లారింది. కొన్నేళ్ళకు అదే జనం అతన్ని తమ నాయకుడిగా ఒప్పుకున్నారు. బ్రిటిష్ పన్నుల మీద కోపం, పక్కింటి వకీలు మీద కోపాన్ని మరిపించి ఉంటుంది.

1774లో ఫిలడెల్ఫియాలో కూడిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెసుకు సలివన్ ప్రతినిధిగా వెళ్ళాడు. తిరిగొచ్చిన కొద్దివారాలకే, డిసెంబరు 13న, పాల్ రివీర్ గుర్రమెక్కి పోర్ట్స్‌మత్‌కు ఒక కబురు తెచ్చాడు: రేవుకాపు కోటలోని మందుగుండును కాపాడుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు బలగాన్ని పంపబోతున్నారని. (రివీర్ అందరికీ తెలిసిన స్వారీ చేసింది ఆ తరవాత నాలుగు నెలలకు. ఈ స్వారీ మీద ఎవరూ పద్యం కట్టలేదు కాబట్టి మరుగున పడిపోయింది.) విలియం అండ్ మేరీ అనే ఆ కోటలో ఉన్నది బొటాబొటిగా అరడజను మంది సిపాయిలు. మర్నాడు జాన్ లాంగ్డన్ వందలాది జనంతో పోయి వంద పీపాల మందుగుండు ఎత్తుకొచ్చాడు. ఆ మరుసటి రాత్రి సలివన్ మరో గుంపుతో వెళ్ళి ఫిరంగులూ తుపాకులూ పట్టుకొచ్చాడు. లెక్సింగ్టన్‌లో మొదటి తూటా పేలడానికి నాలుగు నెలల ముందు మాట ఇది. రాజద్రోహమన్న సంగతి చట్టం చదువుకున్న సలివన్‌కు అందరికన్నా బాగా తెలుసు. తెలిసే చేశాడు. అతని ధైర్యాన్ని నేను ఎక్కడా శంకించలేను.

శంకించవలసి వచ్చేది అతని అదృష్టాన్ని. 1775లో కాంగ్రెసు అతన్ని బ్రిగేడియర్ జనరల్‌ను చేసింది. 1776 వేసవిలో కెనడా దండయాత్ర చివరిదశలో పగ్గాలు చేతికొచ్చాయి; త్రీ రివర్స్ వద్ద ఓటమి. తనను కాదని గేట్స్‌ను పైన పెట్టారని అలిగి రాజీనామాకు సిద్ధపడ్డాడు. ఆగస్టులో లాంగ్ ఐలండ్ యుద్ధంలో శత్రువు వెనకనుంచి చుట్టుముట్టగా బందీ అయ్యాడు. బందీగా ఉన్నప్పుడు బ్రిటిష్ అడ్మిరల్ హౌ అతనికి మర్యాదలు చేసి, రాజీ మాటలు అప్పగించి, కాంగ్రెసు దగ్గరకు పంపాడు. వకీలు కదా, రాయబారం మోయడం తప్పని తోచలేదేమో. జాన్ ఆడమ్స్ మాత్రం మండిపడ్డాడు. ఆ యుద్ధంలో శత్రువు పేల్చిన తొలి తూటా సలివన్ తలలోంచి పోయి ఉంటే బాగుండేదని పక్కనున్నాయన చెవిలో అన్నాడట. ఆ రాయబారం ఫలితంగా సెప్టెంబరు 11న స్టేటన్ ఐలండ్‌లో ఆడమ్స్, ఫ్రాంక్లిన్, రట్లెడ్జ్‌లు హౌతో మాట్లాడారు. స్వాతంత్ర్య ప్రకటనను వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పి లేచి వచ్చారు. ఖైదీల మార్పిడిలో సలివన్ బయటపడ్డాడు.

ట్రెంటన్‌లో మాత్రం మచ్చలేని పని చేశాడు. క్రిస్మస్ మర్నాడు తెల్లవారుజామున, మంచు వానలో, నది వెంబడి దారిలో ఒక దండును నడిపించి, హెస్సియన్ల పారుబాట అయిన వంతెనను మూసేశాడు. తుపాకుల్లో మందు తడిసిపోయిందని కబురు పంపితే, బాయొనెట్లతో పొడవమని వాషింగ్టన్ జవాబిచ్చాడంటారు. ఆ తరవాత మళ్ళీ పాత వరసే. స్టేటన్ ఐలండ్ మీద చేసిన దాడి బెడిసికొట్టి విచారణ. బ్రాండీవైన్‌లో కుడిపక్క కూలిపోయిన నింద. 1778లో రోడ్ ఐలండ్‌లో ఫ్రెంచి నౌకాదళం మధ్యలో వెళ్ళిపోతే, మిత్రుల మీద నోరు పారేసుకున్నందుకు మందలింపు. విచారణలో నిర్దోషిగానే తేలాడు. అయినా కాంగ్రెసులో అతనంటే గిట్టనివాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. ఒక గెలుపు అతనికి చాలా అవసరమైన సమయంలో 1779 వచ్చింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రపు నడిభాగమూ పడమటి భాగమూ అప్పటికి ఆరు జాతుల ఇరక్వాయ్ సమాఖ్య నేల. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా. తమది కాని యుద్ధం వాళ్ళ ఇంట్లోకి వచ్చి సమాఖ్యను చీల్చింది. ఒనైడాలూ టస్కరోరాలూ ఎక్కువమంది అమెరికన్ల పక్షాన నిలిస్తే, తక్కిన నాలుగు జాతులలో ఎక్కువమంది బ్రిటిష్ రాజు పక్షం చేరారు. 1778 జులైలో వయోమింగ్ లోయలో రాజు పక్షపు దండూ సెనెకాలూ కలిసి అమెరికన్ సైనికులను మూడువందల పైచిలుకు మందిని చంపారు. నవంబరులో చెర్రీ వ్యాలీ అనే ఊరి మీద పడి ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా వదలలేదు. సరిహద్దు ఊళ్ళు భయంతో ఖాళీ అయ్యాయి. బదులు తీర్చమన్న ఒత్తిడి కాంగ్రెసు మీదా, కాంగ్రెసునుంచి వాషింగ్టన్ మీదా పెరిగింది. ఆ దండయాత్రను వాషింగ్టన్ మొదట గేట్స్‌కు ఇవ్వజూపాడు. తన వయసుకు తగిన పని కాదని అతడు తప్పుకున్నాడు. అప్పుడది సలివన్‌కు వచ్చింది.

1779 మే 31న వాషింగ్టన్ ఇచ్చిన ఆదేశాలు చదివాను. దాపరికం లేని కాగితం అది. శత్రు సైన్యాన్ని ఓడించమని కాదు, ఊళ్ళను పూర్తిగా నాశనం చెయ్యమని ఉంది. వయసు, ఆడామగా తేడా చూడకుండా వీలైనంతమందిని బందీలుగా పట్టుకురమ్మని ఉంది. నేలమీద ఉన్న పంటను పాడుచేసి, మళ్ళీ నాటుకోకుండా చూడమని ఉంది. ఊళ్ళ విధ్వంసం పూర్తయ్యేవరకు సంధి మాట ఎత్తినా వినవద్దని కూడా ఉంది. ఈ చివరి షరతు దగ్గర నేను చాలాసేపు ఆగాను. సంధి అడగడానికి వచ్చినవాడికి కూడా ముందు పొలం తగలబడాలి.

సలివన్ తొందరపడలేదు. తిండి చాలదు, బట్టలు చాలవు, గుర్రాలు చాలవు అని కాంగ్రెసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ వయోమింగ్ లోయలో వారాలు గడిపాడు. జులైలో అక్కడ స్వాతంత్ర్య దినోత్సవపు విందులో అధికారులు తాగిన శుభాకాంక్షల్లో ఒకటి, అమెరికాలోని అనాగరికులకు నాగరికతో మరణమో రెంటిలో ఒకటి దక్కాలన్నది. ఉత్తరాన జేమ్స్ క్లింటన్ మరో దండుతో ఒట్సెగో సరస్సు దగ్గర కాచుకుని ఉన్నాడు. సరస్సు నీరు పారే మూతికి ఆనకట్ట వేసి, ఆగస్టులో ఒక్కసారిగా తెగ్గొట్టి, ఆ వెల్లువ మీద తన పడవలను సస్క్వహానా నదిలో కిందికి తోలాడు. ఎండాకాలంలో, వాన చుక్క లేకుండా వచ్చిన ఆ వరద కింది ఊళ్ళవాళ్ళకు ఏ ఉత్పాతంలా తోచిందో! రెండు దండులూ కలిస్తే నాలుగువేలకు పైబడ్డ సైన్యం. ఆగస్టు 29న ఎల్మైరా దగ్గర న్యూటౌన్‌లో ఒకే ఒక్క చెప్పుకోదగ్గ యుద్ధం జరిగింది. ఇరక్వాయ్‌లూ బట్లర్ దళమూ సంఖ్యలో చాలా తక్కువ. ఫిరంగులకు తాళలేక తప్పుకున్నారు. ఆ తరవాత దారిలో ఎదురు నిలిచినవాళ్ళు లేరు. ఊళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ సైన్యంలో చాలామంది దినచర్యలు రాసుకున్నారు. వాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది క్రూరత్వం కాదు, మెచ్చుకోలు. అడవిమనుషుల గుడిసెలు చూస్తామనుకుని వెళ్ళినవాళ్ళకు, చెక్కిన దూలాలతో కట్టిన ఇళ్ళూ, కొన్నింటికి గాజు కిటికీలూ కనిపించాయి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసిన పొలాలు మైళ్ళకొద్దీ. ఒకరు కండె పొడవు కొలిచి రాసుకున్నారు, ఇరవైరెండు అంగుళాలట. ఆ పొలాలు సాగుచేసేదీ, పంట మీద అధికారం ఉన్నదీ ఆడవాళ్ళకు. ఆపిల్ తోటలు, పీచు తోటలు. కయూగా సరస్సు ఒడ్డున ఒక్క ఊళ్ళోనే పదిహేను వందల పీచు చెట్లు. మెచ్చుకుని, కొలిచి, రాసుకుని, నరికేశారు. పచ్చి మొక్కజొన్న ఒక పట్టాన అంటుకోదు. అందుకని కత్తులతో కోసి, మోసుకొచ్చి, ఇళ్ళ నిండా కుక్కి, ఇంటితో కలిపి కాల్చారు. మిగిలింది నదిలో పోశారు. కోతకోసినంత శ్రమ అది. కోతకాలమే కూడాను.

రెండు పక్కలా జరిగింది చెప్పకపోతే అన్యాయమవుతుంది. జెనసీ నది దగ్గర బాయిడ్ అనే లెఫ్టినెంటూ, పార్కర్ అనే సిపాయీ సెనెకాల చేత చిక్కితే చిత్రహింసలు పెట్టి చంపారు. అంతకు రెండు వారాల ముందే న్యూటౌన్‌లో చనిపోయిన ఇద్దరు ఇండియన్ల కాళ్ళ తోలు ఒలిచి అమెరికన్ అధికారులు పట్టీలు చేయించుకున్నారు. చేసినవాడే దినచర్యలో మామూలు విషయంలా రాసుకున్నాడు. కాథరిన్స్ టౌన్ అనే ఊళ్ళో, అందరూ పారిపోగా నడవలేక మిగిలిపోయిన ఒక కయూగా ముసలామె దొరికింది. సలివన్ ఆమె గుడిసెను కాల్చనివ్వలేదు. తిండి వదిలి వెళ్ళమన్నాడు. నెలాఖరుకు తిరిగివస్తూ చూస్తే ఆమె బతికే ఉంది. ఆమెను చూసుకోవడానికి వచ్చిన ఒక పడుచు మాత్రం తుపాకి దెబ్బతిని పడి ఉంది. సలివన్ ముసలామెకు మళ్ళీ పిండీ మాంసమూ ఇప్పించాడు. ఊరంతటి పంట తగలబెట్టిన చేత్తోనే. ఇందులో కపటముందని నేను అనుకోను. ఎదురుగా కనిపించిన ముసలామె అతనికి మనిషి. కనిపించకుండా అడవుల్లోకి పోయిన వేలమంది ఒక పద్దు.

ఆ పద్దు సెప్టెంబరు 30న కాంగ్రెసుకు పంపాడు. నలభై ఊళ్ళు. లక్షా అరవైవేల బుషెళ్ళ మొక్కజొన్న. తన సైన్యంలో పోయినవాళ్ళు నలభైకి లోపు. కూరగాయలకూ పళ్ళకూ లెక్క కట్టలేదు. బుషెలు మొక్కజొన్న గింజలు పాతిక కిలోల చొప్పున వేసుకుంటే నాలుగువేల టన్నులు. యుద్ధ నివేదికలో శత్రువుల శవాల లెక్క ఉంటుంది, పట్టుబడ్డ ఫిరంగుల లెక్క ఉంటుంది. ఇందులో గింజల లెక్క ఉంది. కోర్టు అమీనా జప్తుకు వెళ్ళి గాదెలు కొలిచి రాసుకొచ్చే జాబితా ఇలాగే ఉంటుంది. డర్హమ్ వకీలు డర్హమ్ రైతుల మీద ఏం చేశాడో చదివినవాడికి ఆ పోలిక తోచక మానదు. కాంగ్రెసు కృతజ్ఞతా తీర్మానం చేసింది.

ఆ లెక్కకు ఎదురుగా పెట్టదగ్గ లెక్క ఇంకొకటి ఉంది. మేరీ జెమిసన్ అనే శ్వేతజాతి స్త్రీ, చిన్నతనంలో బందీగా చిక్కి, సెనెకాలలో పెరిగి, వాళ్ళలోనే పెళ్ళిచేసుకుని, తిరిగి పోవడానికి ఇష్టపడక అక్కడే ఉండిపోయింది. ముసలితనంలో ఆమె చెప్పిన జీవితకథ 1824లో అచ్చయింది. సైన్యం వెళ్ళిపోయాక తమవాళ్ళు ఊరికి తిరిగొచ్చి చూస్తే, ఒక పిల్లవాడికి పూట గడిపేందుకైనా తిండి మిగల్లేదంది. ఆమెకు ఐదుగురు పిల్లలు. ఇద్దరిని వీపున కట్టుకుని, ముగ్గురిని వెంట నడిపించుకుని జెనసీ నది వెంబడి బయల్దేరింది. గార్డో అనే చోట, యజమానుల దగ్గరనుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు నల్లజాతి బానిసలు చిన్న పొలం వేసుకుని ఉన్నారు. సైన్యం కంట పడని పొలం అది. వాళ్ళకు కండెలు ఒలిచిపెట్టి, పది దండలకు ఒక దండ కూలి చొప్పున వంద దండలు సంపాదించింది. గింజలు చేస్తే పాతిక బుషెళ్ళు. దానితో ఆ చలికాలం పిల్లలను బతికించుకుంది. లక్షా అరవైవేలు ఎంతో నా ఊహకు అందలేదు. ఈ పాతిక అందింది.

అందరికీ గార్డో దొరకలేదు. ఐదువేలకు పైగా జనం బ్రిటిష్ వాళ్ళ నయాగరా కోట చుట్టూ చేరారు. ఆ చలికాలం న్యూయార్క్ రేవు గడ్డకట్టుకుపోయినంతటి చలికాలం. తిండి లేక, రోగాలతో, చలికి కొయ్యబారి ఎందరో పోయారు. బతికినవాళ్ళు ఊరుకోలేదు. 1780లో మోహాక్, స్కోహారీ లోయల మీద పడి కసితీరా తగలబెట్టారు. సరిహద్దుకు శాంతి తేవడానికని మొదలుపెట్టిన దండయాత్ర, అంతకుముందు తటపటాయిస్తున్నవాళ్ళను కూడా బ్రిటిష్ వాళ్ళ రొట్టెముక్క మీద ఆధారపడేలా చేసింది. సైనిక విజయంగా చూసినా అది నాసిరకమనే నా అభిప్రాయం.

అయితే నేల సంగతి వేరు. పొలాలు మెచ్చుకున్న కళ్ళు వాటిని మరిచిపోలేదు. న్యూయార్క్ రాష్ట్రం తన సైనికులకు అక్కడే భూమి ఇచ్చింది, ఒక్కొక్కరికి ఆరువందల ఎకరాలు. సర్వేయరు కచేరీలో కూర్చుని ఆ తాలూకాలకు పేర్లు పెట్టినవాళ్ళు గ్రీకు, రోమను పుస్తకాలు తిరగేశారు: హోమర్, వర్జిల్, ఓవిడ్, యులిసెస్, రోమ్యులస్. ఆ ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ అంతకుముందున్న పేర్లు ఏవో తెలుసుకోవాలంటే సిపాయిల దినచర్యల్లోనే వెదకాలి. వాళ్ళు తగలబెట్టబోయే ముందు పేరు అడిగి, నోటికొచ్చిన స్పెల్లింగులో రాసుకున్నారు.

సెనెకాలు వాషింగ్టన్‌ను పిలిచే పేరుకు అర్థం ఊళ్ళను నాశనం చేసేవాడు అని. 1790లో వాళ్ళ నాయకుడు కార్న్‌ప్లాంటర్ ఫిలడెల్ఫియాకు వచ్చి, ఆ పేరు వింటే ఈనాటికీ మా ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకుని పాలిపోతారనీ, పిల్లలు తల్లుల మెడలు కరుచుకుంటారనీ అధ్యక్షుడి ముఖం మీదే చెప్పాడు. సలివన్ పేరు ఎత్తలేదు. ఆజ్ఞ ఎవరిదో వాళ్ళకు తెలుసు.

సలివన్ 1779 నవంబరులోనే అనారోగ్యమని సైన్యానికి రాజీనామా ఇచ్చాడు. మళ్ళీ కాంగ్రెసుకు వెళ్ళాడు. అక్కడ చేతిలో డబ్బాడక ఫ్రెంచి రాయబారి దగ్గర అప్పు పేరుతో సొమ్ము తీసుకున్నాడు. రెండేళ్ళ కిందట తిట్టినవాళ్ళ దగ్గరే. తరవాత రాష్ట్రానికి అటార్నీ జనరల్, 1786లో అధ్యక్షుడు (గవర్నరు పదవికి అప్పటి పేరు). ఆ సెప్టెంబరులో అప్పుల్లో మునిగిన రైతులు రెండువందల మంది, కాగితపు డబ్బు అచ్చువేసి మమ్మల్ని గట్టెక్కించండని ఎక్సిటర్‌లో శాసనసభను చుట్టుముట్టి, ఎవరినీ బయటకు పోనివ్వలేదు. సలివన్ బయటకొచ్చి నిబ్బరంగా మాట్లాడాడు. మర్నాడు సైన్యాన్ని పిలిపించి చెదరగొట్టాడు. పట్టుబడ్డవాళ్ళను మాత్రం కఠినంగా శిక్షించలేదు. ఇరవై ఏళ్ళ కిందటి అర్జీ గుర్తొచ్చిందా అని అడగాలనిపిస్తుంది. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదో రాష్ట్రంగా రాజ్యాంగాన్ని ఆమోదించడంతో అది అమలుకు అర్హమైంది. ఆ సభకు అధ్యక్షుడు ఇతడే. 1789లో వాషింగ్టన్ అతన్ని ఫెడరల్ జిల్లా జడ్జిగా నియమించాడు. చివరి కొన్నేళ్ళు ఒంట్లోనూ మనసులోనూ సత్తువ పోయి కోర్టుకు వెళ్ళలేకపోయాడు. అప్పులిచ్చినవాళ్ళు మాత్రం ఇంటికి వస్తూనే ఉన్నారు.

1794 నవంబరు 11న కెనన్‌డేగ్వాలో, పదిహేనేళ్ళ కిందట సలివన్ సైన్యం తగలబెట్టిన ఊరి నేల మీదే, అమెరికా ప్రభుత్వమూ ఆరు జాతులూ సంధి పత్రం రాసుకున్నాయి. ఏటా నాలుగువేల ఐదువందల డాలర్ల విలువైన బట్టలూ, పనిముట్లూ వగైరా ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. పంట గురించిన ప్రస్తావన అందులో లేదు. రెండు నెలల తరవాత, 1795 జనవరి 23న, సలివన్ డర్హమ్‌లో చనిపోయాడు. యాభైనాలుగేళ్ళు. సంధి ప్రకారం ఇవ్వవలసిన బట్ట ఇప్పటికీ ఏటా వస్తోంది. డాలరు విలువ పడిపోయి, మనిషికి వచ్చే ముక్క చాలా చిన్నదైపోయింది. అయినా పుచ్చుకోవడం మానితే ఒప్పందం రద్దయినట్టేనని, ఆ ముక్కను వాళ్ళు పట్టుబట్టి పుచ్చుకుంటున్నారు.